గడువు దాటిన బాకీ

"నేడు నగదు – రేపు అరువు" అని వ్రాసిన పలకను మన యూళ్ల చిల్లర దుకాణములలో చూడనివారుండరు. రేపు వెళ్లినను పలకమీద "నేడు నగదు" అనియే యుండును గనుక ఆ యరువు ఎన్నటికిని రాదు. ఈ చమత్కారమునకు మనము నవ్వుకొని సాగిపోవుదుము. కాని ఆ పలకను వ్రాయించి కట్టిన దుకాణదారునకు అది చమత్కారము కాదు. ఎదుట నిలిచిన మనుష్యునితో "మీకు అరువీయను" అని చెప్పుటకు నోరాడక, ఆ మాటను అతడొక చెక్కముక్కచేత చెప్పించుచున్నాడు. చెప్పినచో బేరము పోవును. చెప్పకున్నచో సొమ్ము పోవును. ఈ రెండు భయముల నడుమ నలుగు చిన్న వర్తకుని గూర్చియు, వానికి రావలసిన బాకీని రాబట్టుటకు లోకము కాలక్రమమున కల్పించిన సాధనములను గూర్చియు ఈ వ్యాసమున ముచ్చటింపదలచితిమి.

ఊరిలో నుండదగినవారిని లెక్కించుచు సుమతీశతకకారుడు మొట్టమొదట అప్పిచ్చువానిని పేర్కొనెను. వైద్యుడు వాని తరువాతివాడు. మన ధర్మశాస్త్రములలో అప్పిచ్చినవానికి ఉత్తమర్ణుడనియు, పుచ్చుకొన్నవానికి అధమర్ణుడనియు పేర్లు. ఇచ్చినవాడు పైవాడు, పుచ్చుకొన్నవాడు క్రిందివాడు అను భావము ఆ మాటలలోనే యిమిడియున్నది. కథలలో మనము చదివిన షావుకారు, నాటకములలో చూచిన వడ్డీవ్యాపారి ఈ భావమునకు తగినవారే. ఒకవైపు పత్రము చేతబట్టిన ధనికుడు, వేరొకవైపు కన్నీరు కార్చు రైతు. ఈ చిత్రము అబద్ధము కాదు. కాని యిది సగము చిత్రము మాత్రమే.

మిగిలిన సగమును చూచుటకు ఒక్క ఉదాహరణము చాలును. ఒక చిన్న పట్టణమున కుట్టుపని చేసి కుటుంబమును పోషించుకొను నొక స్త్రీ కలదనుకొందము. ఒక పెద్ద పాఠశాలవారు తమ పిల్లలకు దుస్తులు కుట్టుమని యామెకు పని యిచ్చిరి. గుడ్డకును, దారమునకును, కూలికిని 60,000 రూపాయలు కావలసి వచ్చెను. ఆమె నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి అప్పు తెచ్చెను. దుస్తులకు ఒప్పుకొన్న వెల 75,000 రూపాయలు. పాఠశాలవారు ఒక నెలలో సొమ్మిచ్చినచో వడ్డీ 1,200 పోగా ఆమెకు 13,800 మిగులును. పది నెలలకిచ్చినచో వడ్డీయే 12,000 అగును, మిగులునది 3,000. పన్నెండున్నర నెలలు జరిగినచో ఆమె పడిన శ్రమయంతయు వడ్డీ క్రింద జమయైనట్లే. పాఠశాలవారు ఒక్క రూపాయియైనను ఎగవేయలేదు. "ఇయ్యము" అని యెన్నడును అనలేదు. "వచ్చే నెల రమ్ము" అనిరి, అంతియే.

ఇచ్చట ఉత్తమర్ణుడెవరు? శాస్త్రప్రకారము ఆ కుట్టుపని చేయు స్త్రీయే. కాని గుమాస్తా బల్లయొద్ద చేతులు కట్టుకొని నిలుచున్నది ఆమె. కుర్చీలో కూర్చుండి "చూతము" అనువాడు అధమర్ణుడు. ఆమె తాను వడ్డీకి తెచ్చిన సొమ్మును తనకంటె ధనవంతునకు వడ్డీ లేకుండ వాడుకొననిచ్చుచున్నది. బాకీలను గూర్చి శాసనములు చేసిన పెద్దలలో బహుకాలము వరకు ఈ స్త్రీ ముఖము చూచినవారు అరుదు. వారికి కనబడినది షావుకారు, రైతు. లోకమున బాకీ వసూలునకు మూడు ఆధారములు వరుసగా ఏర్పడినవి: మొదట ఋణస్థుని శరీరము, తరువాత వాని పేరు, కడపట గడువు దినము. ఇందు ఏది ఆ స్త్రీకి అక్కరకు వచ్చినదో మనము పరీక్షింపవలసియున్నది.

ప్రాచీనులు కాలమునకు వెల కట్టుట ఎరుగనివారు కారు. కౌటిల్యుని అర్థశాస్త్రము నూరు పణములకు నెలకు ఒకటింబావు పణమును ధర్మ్యమైన వడ్డీగా నిర్ణయించి, వర్తకులకు 5, అడవిదారులలో తిరుగు వ్యాపారులకు 10, సముద్రవర్తకులకు 20 పణముల వరకును వడ్డీని అంగీకరించెను. ప్రమాదము పెరిగినకొలది వడ్డీ పెరిగెను. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయము బాకీ రాబట్టుకొనుటకు ఐదు ఉపాయములను చెప్పెను: ధర్మము, వ్యవహారము, ఛలము, ఆచరితము, బలము. మంచిమాట చెప్పుట ధర్మము; న్యాయస్థానమునకు పోవుట వ్యవహారము; యుక్తిచేత సొమ్ము చేజిక్కించుకొనుట ఛలము; దేహబలముచేత పట్టి తెచ్చుట బలము. నాలుగవదగు ఆచరితమునకు బృహస్పతి యిచ్చిన వివరణము వినదగినది. ఋణస్థుని భార్యాపుత్రులను, పశువులను అడ్డగించి, వాని ద్వారమును నిరోధించి కూర్చుండుట ఆచరితమట.

ఈ ద్వారనిరోధమే కాలక్రమమున ధర్నా అను పేర ప్రసిద్ధి కెక్కినది. అప్పిచ్చినవాడు తానే వచ్చియో, ఒక బ్రాహ్మణుని పంపియో ఋణస్థుని వాకిట కూర్చుండి అన్నము మానును. వాకిట ఒకడు పస్తుండగా లోపలివాడు భుజించుట పాపము. కూర్చున్నవాడు ప్రాణము విడిచినచో ఆ పాపము ఇంటివానిది. 1860 నాటి భారత శిక్షాస్మృతి తన 508వ సెక్షనులో, దైవాగ్రహమునకు పాత్రుడవగుదువని నమ్మించి యొకనిచేత పని చేయించుకొనుటను నేరముగా నిర్ణయించి, ఉదాహరణముగా ఈ ధర్నానే చూపెను. నేడు కార్మికులును ఉద్యోగులును కచ్చేరీల యెదుట కూర్చుండి చేయు ధర్నాకు ఈ పేరు అప్పులవాని ధర్నానుండియే సంక్రమించినది. పుట్టుకతో అది బాకీ వసూలు చేయు సాధనము.

ఇట్టి ఆచారములలో అతివిచిత్రమైనదానిని 13వ శతాబ్ది కడపట మన దేశతీరమున సంచరించిన వెనిసు నగరవాసి మార్కోపోలో వర్ణించెను. ఆతడు మాబారు అని పిలిచిన చోళమండల తీరమున, పలుమారు అడిగినను ఇయ్యని ఋణస్థుడు వీథిలో కనబడినచో, అప్పిచ్చినవాడు వానిచుట్టు నేలమీద ఒక గీత గీయునట. బాకీ తీర్చకయో, తగిన హామీ యీయకయో ఆ గీతను దాటినవాడు ధర్మమును అతిక్రమించినవాడై మరణదండనకు పాత్రుడగును. ఒకనాడు రాజే ఒక విదేశవర్తకునకు బాకీ పడెను. "ఇదిగో, అదిగో" అని చాలకాలము గడిపెను. వర్తకుడు సమయము కనిపెట్టియుండి, రాజు గుఱ్ఱమెక్కి నగరమున పోవుచుండగా గుఱ్ఱముతో సహా రాజుచుట్టు గీత గీసెను. రాజు గుఱ్ఱమును నిలిపి, వర్తకునకు తృప్తి కలుగువరకు అచ్చటనుండి కదలలేదు. ఈ సంగతిని తాను కన్నులార చూచితినని మార్కోపోలో చెప్పుకొనెను. చూచిన ప్రజలు తమ రాజు ధర్మనిష్ఠకు మిగుల ఆశ్చర్యపడిరట.

ఆ యాత్రికుడే మన మోటుపల్లి రేవును గూర్చియు, ఆ దేశమును న్యాయముగా పాలించిన రాణిని గూర్చియు ప్రశంసాపూర్వకముగా వ్రాసెను. ఆ రాణి కాకతీయ రుద్రమదేవి యని చరిత్రకారుల నిర్ణయము. ఆమె తండ్రి గణపతిదేవుడు శాలివాహనశకము 1166, అనగా క్రీ.శ. 1244-45 సంవత్సరమున మోటుపల్లిలో ఒక అభయశాసనము చెక్కించెను. గాలివానకు కొట్టుకొనివచ్చి తీరమున చేరిన ఓడలలోని సరకును పూర్వరాజులు బలవంతముగా లాగుకొనుచుండిరనియు, తాను నిర్ణీతమైన సుంకము తప్ప మఱేమియు పుచ్చుకొననని వర్తకులకు అభయమిచ్చుచున్నాననియు దాని తాత్పర్యము. సుంకము వేరు, బాకీ వేరు. కాని గీతలోపల నిలిచిన రాజునందును, తన హద్దును రాతిమీద తానే చెక్కించుకొన్న రాజునందును ఒకే ధర్మము కనబడుచున్నది. బలవంతుడు తనకు తాను హద్దు గీచుకొన్నప్పుడు దుర్బలుడు నిర్భయముగా వర్తకము చేయగలడు.

అయినను ఒక్క ప్రశ్న వేసికొనక తప్పదు. మార్కోపోలో చూచిన రాజు గుఱ్ఱమును అదలించి గీత దాటి పోయినచో ఆ వర్తకుడేమి చేయగలిగియుండును? ప్రజలు ఆశ్చర్యపడిరన్న మాటయే యిందుకు సమాధానము. సామాన్యులు గీతలో నిలుచుట నియమము. రాజు నిలుచుట వింత. పెద్దవాని మంచితనముపై ఆధారపడిన రక్షణము మంచివాడున్నంతవరకే నిలుచును.

ఇక ఋణస్థుని శరీరమునే తాకట్టుగా భావించిన విధానము ఇంగ్లండులో ఎట్లు నడచెనో చూతము. 1824 ఫిబ్రవరిలో లండనులో ఒక రొట్టెల దుకాణదారుడు తనకు రావలసిన 40 పౌనుల 10 షిల్లింగుల బాకీకై ఒకనిని మార్షల్సీ చెఱసాలలో పెట్టించెను. ఆ ఋణస్థుడు నౌకాదళపు జీతముల కచ్చేరీలో గుమాస్తా. పేరు జాన్ డికెన్సు. భార్యయు చిన్నపిల్లలును అతనితో చెఱసాలలోనే కాపురము చేసిరి. పండ్రెండేండ్ల కుమారుడు చార్లెసు బడి మాని, బూట్లకు పూయు నల్లరంగు తయారుచేయు కొట్టులో సీసాలకు కాగితములంటించు కూలిపనికి కుదిరెను. ఆ బాలుడే పెరిగి లోకప్రసిద్ధుడైన నవలాకారుడయ్యెను. "లిటిల్ డొరిట్" నవలలో ఆ చెఱసాలనే చిత్రించెను. ఆ నవలను చదివిన వారందరును కుటుంబము పడిన బాధకు కంటతడి పెట్టిరి. అది న్యాయమే. కాని రొట్టెల దుకాణదారుని మాట తలచినవారు తక్కువ. పిండికిని, కట్టెలకును అతడు ముందుగనే సొమ్ము పెట్టియుండెను. అతనికి కావలసినది మనుష్యుడు కాదు, సొమ్ము. చట్టము అతనికి సొమ్మునకు బదులు మనుష్యుని యిచ్చెను.

ఈ విధానమున మఱియొక అన్యాయము కలదు. ప్రభువుల సభవారిని, పార్లమెంటు సభ్యులను అప్పు నిమిత్తము నిర్బంధింపరాదన్న ప్రత్యేకహక్కు ఆ దేశమున నుండెను. దర్జీలును, చర్మకారులును, బండ్లు చేయువారును గొప్ప కుటుంబములవారికి నెలలతరబడి, ఏండ్లతరబడి అరువిచ్చుట అచ్చటి మర్యాద. చిన్న గుమాస్తా రొట్టెల బాకీకి చెఱసాలకు పోవుచుండగా, పెద్ద ప్రభువు దర్జీ బాకీ తీర్చకయే విందులు చేయుచుండెను. 1869 శాసనము అప్పునకై చెఱ పెట్టుటను చాలవరకు రద్దుచేసెను. సొమ్ము కలిగియు ఇయ్యనివారికి మాత్రము శిక్ష మిగిలెను.

మన దేశమునను ఇట్టి మార్పే జరిగెను. 1908 సివిల్ ప్రొసీజరు కోడు డిక్రీ అమలునకై ఋణస్థుని సివిలు జైలులో ఉంచుట కంగీకరించినను, సొమ్ము డిక్రీ నిమిత్తము స్త్రీని నిర్బంధింపరాదని శాసించెను. వంటపాత్రలు, కట్టుబట్టలు, మతాచారమునుబట్టి స్త్రీ విడువరాని నగలు, చేతిపనివాని పనిముట్లు, సేద్యగాని యెడ్లు జప్తు చేయరాదనెను. 1936లో చేసిన సవరణము, సొమ్ముండియు ఎగవేయువానిని, పారిపోవ యత్నించువానిని తప్ప నిర్బంధింపరాదని కట్టుదిట్టము చేసెను. 1980లో జాలీ జార్జి వర్గీసు వ్యాజ్యమున సుప్రీముకోర్టు, జస్టిస్ కృష్ణయ్యరుగారి తీర్పు ద్వారా, కేవలము బీదతనము కారణముగా ఒకనిని చెఱ పెట్టుట రాజ్యాంగమునకు విరుద్ధమని స్పష్టముచేసెను. 1920 నాటి దివాలా చట్టముక్రింద కోర్టుకు దరఖాస్తు పెట్టుకొనుట మన వాడుకలో "ఐ.పి. పెట్టుట" యైనది. 1938లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము చేసిన మద్రాసు రైతుఋణవిమోచన చట్టము అప్పటి ఆంధ్రజిల్లాల రైతుల వడ్డీభారమును తగ్గించెను.

ఇవి యన్నియు దయతో చేసిన సంస్కారములు. మేము వీనిని నిండు మనస్సుతో కొనియాడుచున్నాము. అయితే వీనిలో ప్రతిదానియందును ఋణదాత బలవంతుడు, ఋణస్థుడు దీనుడు. బల్లయొద్ద నిలిచిన కుట్టుపని స్త్రీకి వీనివలన కలిగిన మేలు లేదు. ఆమెకు బాకీపడినవాడు చెఱకు భయపడవలసిన దీనుడు కాడు. ఎడ్లు జప్తగునేమో యని యేడ్చువాడును కాడు.

రెండవ యాధారము పేరు. 1776లో లండను వర్తకులు మోసగాండ్రనుండి వర్తకమును కాపాడుటకై ఒక సంఘముగా చేరి, ఎగవేతదారుల సమాచారమును తమలో తాము పంచుకొనసాగిరి. అమెరికాలో 1837 సంవత్సరపు ఆర్థికసంక్షోభమున న్యూయార్కులోని ఆర్థర్ టప్పాను పట్టువ్యాపారము కూలిపోయెను. అరువు మీద నడచిన వ్యాపారమది. దూరదేశపు దుకాణములనుండి బాకీలు రాలేదు. ఆయన తమ్ముడు లూయీ టప్పాను ఈ యనుభవమునుండి పాఠము నేర్చి 1841లో మర్కంటైల్ ఏజెన్సీ అను సంస్థను స్థాపించెను. ఊరూర విలేఖరులను నియమించి, ఏ దుకాణదారుని నడవడి యెట్టిది, ఆస్తి యెంత, మాట నిలుపుకొనునా లేదా అని వ్రాయించి తెప్పించి, పెద్ద పుస్తకములలో ఎక్కించి, చందా కట్టిన వర్తకులకు తెలియజేయుచుండెను. ఈ లూయీ టప్పాను బానిసత్వ నిర్మూలనమునకై పాటుపడిన సంస్కర్త కూడ. నేడు అప్పు అడిగినవారికెల్ల మార్కులు వేయు సంస్థలకు ఇది పూర్వరూపము.

శరీరమును పట్టుకొనుటకంటె పేరును పట్టుకొనుట నాగరికమైన పద్ధతి యనుటకు సందేహము లేదు. కాని యీ పుస్తకములు ఎవరు ఎవరిని గూర్చి తెలిసికొనుటకు పుట్టినవి? నగరమందలి టోకువర్తకుడు పల్లెయందలి చిల్లర దుకాణదారుని గూర్చి. పెద్దవాడు చిన్నవానిని తూచి చూచుటకు తరాజు దొరకెను. చిన్నవాడు పెద్దవానిని తూచుటకు తరాజు దొరకలేదు; దొరకినను తూచు ధైర్యము లేదు. పెద్ద కంపెనీ ఆలస్యముగా ఇచ్చునని సరకిచ్చువారందరికిని తెలియును. తెలిసియు ఇచ్చుచున్నారు. అచ్చట లోపించినది సమాచారము కాదు, బలము.

కావుననే కడపటి శతాబ్దమున శాసనకర్తలు మూడవ యాధారమగు గడువు దినమును పట్టుకొనిరి. మన పార్లమెంటు 1993లో చిన్న పరిశ్రమలకు ఆలస్యముగా చెల్లించు సొమ్ముపై వడ్డీ విధించు చట్టము చేసెను. 2006లో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టము దాని స్థానమును ఆక్రమించి, నియమములను బిగించెను. దీని ప్రకారము సూక్ష్మ లేక చిన్న సంస్థయొద్ద సరకో సేవయో పొందినవాడు ఒప్పుకొన్న దినములోపల సొమ్మీయవలెను; ఆ ఒప్పందపు గడువు కూడ అంగీకార దినమునుండి 45 దినములు మించరాదు. ఒప్పందమే లేనిచో 15 దినములే గడువు. దాటినచో రిజర్వుబ్యాంకు ప్రకటించు బ్యాంకురేటునకు మూడు రెట్లు వడ్డీ, అదియును నెలనెలకు అసలులో కలియు చక్రవడ్డీ. బ్యాంకురేటు నూటికి 6 అనుకొన్నచో వడ్డీ 18 అగును. 1,00,000 రూపాయల బాకీ గడువు దాటి ఒక సంవత్సరము నిలిచినచో 1,19,562 రూపాయలగును. తగవు వచ్చినచో ప్రతి రాష్ట్రమునను ఇందుకై యేర్పడిన మండలికి చెప్పుకొనవచ్చును. మండలి తీర్పుపై కోర్టుకు పోదలచిన కొనుగోలుదారుడు తీర్పు సొమ్ములో నూటికి 75 పాళ్లు ముందుగా డిపాజిటు చేయవలెను. ఇంగ్లండులోను 1998లో ఇట్టి చట్టమే వచ్చి, బ్యాంకు మూలరేటుకు 8 పాళ్లు కలిపి వడ్డీ విధించెను. ఈ హక్కును మొట్టమొదట పెద్ద సంస్థలపై చిన్న సంస్థలకే యిచ్చెను.

ఈ నియమముల ముఖ్యస్వభావమును చదువరులు గమనింపవలెను. ఇచ్చట మొట్టమొదటి సారిగా చట్టము ఋణదాతను దుర్బలునిగా గుర్తించినది. మార్కోపోలో నాటి గీత నేలమీదనుండి పంచాంగములోనికి వచ్చినది. రాజు నిలుచునా నిలువడా అన్న సందేహము లేకుండ, దాటిన ప్రతి నెలకును వెల కట్టబడినది.

అట్లయిన బాకీలు గడువులోపల వసూలగుచున్నవా? పూర్తిగా కాదు. కారణము మనము మొదట చెప్పుకొన్న భయమే. వడ్డీ యడుగు హక్కు కలదు. అడిగినవానికి మరల పని దొరకునన్న హామీ లేదు. కొనువాడొక్కడు, అమ్మువారు పదిమంది యున్నచోట ఫిర్యాదు చేసినవాడే శిక్ష ననుభవించును. 2017లో కేంద్రప్రభుత్వము ఫిర్యాదులు అంతర్జాలము ద్వారా స్వీకరించు సమాధాన్ అను ఏర్పాటు చేసినది. దారి సులభమైనది గాని, ఆ దారిలో నడచువాని భయము తీరలేదు. అందుచేతనే 2023 ఆర్థికశాసనము వేరొక త్రోవ తొక్కినది. చిన్న సంస్థలకు చట్టపు గడువులోపల చెల్లింపని సొమ్మును, నిజముగా చెల్లించిన సంవత్సరము వచ్చువరకు ఖర్చుగా చూపి ఆదాయపు పన్ను తగ్గించుకొనరాదని విధించినది. ఇందు దుర్బలుడు నోరు తెరువ నక్కరలేదు. పన్ను లెక్కయే అడుగును. 2024లో కొన్ని వర్తకసంఘములు, ఈ నియమమునకు వెఱచి పెద్దలు చిన్నవారియొద్ద కొనుట మానుదురేమో యని భయము వెల్లడించినవి. ఆ భయము సహజమే. అయినను ఫిర్యాదునకై వేచియుండని రక్షణమే భయపడువానికి పనికివచ్చు రక్షణమని మా యభిప్రాయము. ఒక లోపమును కూడ చెప్పక తప్పదు. 2021లో చిల్లర, టోకు వర్తకులను ఈ సంస్థల జాబితాలో చేర్చినప్పుడు, బ్యాంకు అప్పులలో ప్రాధాన్యము కొఱకే చేర్చిరి. ఆలస్యపు వడ్డీ హక్కు వారికీయలేదు. "నేడు నగదు" పలక కట్టిన దుకాణదారుడు ఆ గీతకు వెలుపలనే యుండిపోయెను.

చట్టము చేయగలిగినది చట్టము చేయును. ఇంటిలో చేసికొనవలసినది ఇంటిలో చేసికొనవలెను. చిన్న వ్యాపారము నడుపు మన గృహములలో చిట్టాయు ఆవర్జాయు ఇల్లాలి చేతిలో నుండుట మేలని మేము నమ్ముచున్నాము. సరకు పంపకముందే వెలతోపాటు గడువును వ్రాతలో పెట్టవలెను. సరకు ముట్టినట్లు తేదీతో సంతకము పుచ్చుకొనవలెను. చట్టము దినములను లెక్కించునది అంగీకారమునుండియే. బిల్లు ఆనాడే పంపవలెను; నెల తరువాత బిల్లు పంపువాడు తన సొమ్ముపై తనకే తొందర లేదని చాటుకొనుచున్నాడు. ఒక్కొక్క ఖాతాకు ఇంతకు మించి అరువీయరాదని హద్దు పెట్టుకొనవలెను. ఆ హద్దు ఖాతాదారుని గొప్పతనమునుబట్టి కాక, ఆ సొమ్ము రాకున్నను మన పొయ్యి వెలుగునా అన్నదానినిబట్టి యుండవలెను. గడువునాడే మర్యాదగా గుర్తుచేయవలెను. సొమ్ము అడుగుట బిచ్చమెత్తుట కాదు. మొదటి దినమున మృదువుగా అడిగినవానికి పదియవ నెలలో కఠినముగా అడుగవలసిన యవసరము తక్కువ. మూడేండ్లు దాటిన బాకీకి కాలదోషము పట్టును గనుక, ఆ లోపలనే ఋణస్థునిచేత బాకీని ఒప్పుకొను వ్రాత పుచ్చుకొన్నచో గడువు మరల మొదలగును. సంస్థను ప్రభుత్వమువారి ఉద్యమ్ పట్టికలో నమోదు చేయించుకొనుటయు మఱువరాదు.

ఇంతవరకు చదివి, "ఇదంతయు వర్తకుల సంగతి, మనకేమి" అని చదువరులు అనుకొనవచ్చును. మేము కూడ ఈ వ్యాసమునకు కూర్చున్నప్పుడు అట్లే యనుకొంటిమి. తరువాత మా యింటి లెక్క చూచుకొంటిమి. పండుగకు రవికలు కుట్టిన దర్జీకి రావలసిన సొమ్ము రెండవ నెల జరుగుచున్నది. పాలు పోయు మనిషి నెల మొదటి దినమున వచ్చి, "అయ్యగారు ఇంట లేరు" అన్న మాట విని తిరిగిపోయెను; అయ్యగారు పెరటిలో పత్రిక చదువుచుండెను. ఆ పత్రికకు కట్టవలసిన చందాయు బాకీయే. ఇందు ఏదియు మాకు సొమ్ము లేక నిలిచిపోయినది కాదు. ఇయ్యవచ్చునులే యన్న నిర్లక్ష్యముచేత నిలిచిపోయినది. పెద్ద పాఠశాలవారి గుమాస్తా చెప్పిన "వచ్చే నెల రమ్ము" అన్న మాటయే మా యింటి గుమ్మమునందును వినబడినది.

పాలమనిషి కన్నులలో మనమే పెద్ద కంపెనీ. ఆమెకు 45 దినముల చట్టము తెలియదు. తెలిసినను మనపై ఫిర్యాదు చేయదు. ఆవునకు దాణా మాత్రము ఆమె నగదుకే కొనవలెను. సంస్కారమును గూర్చి సభలలో ఉపన్యసించు మనము, వితంతువులకు కుట్టుయంత్రములు దానము చేయుటకు చందాలు వేసికొను మనము, ఆ యంత్రముపై కుట్టిన రవికకు కూలి గడువులోపల ఇయ్యకున్నచో, కుడిచేత ఇచ్చినదానిని ఎడమచేత తీసికొన్నవారమగుదుము. దానము ఆమెను మనకు కృతజ్ఞురాలిని చేయును. కాలమునకు ఇచ్చిన కూలి ఆమెను ఎవరికిని తలవంచనక్కరలేనిదానిని చేయును. ఈ రెండవదియే మనము కోరు స్త్రీస్వాతంత్ర్యము.

మార్కోపోలో చూచిన రాజు గుఱ్ఱము నాపుకొని నిలిచెను. మన గుమ్మము ముందు పాలచెంబుతో నిలిచినామె నేలమీద గీత గీయదు, పస్తుండి కూర్చుండదు. రెండు నిమిషములు చూచి పోవును. ఆమె మరల పిలువకముందే లోపలికి పోయి సొమ్ము తెచ్చి యిత్తము. తరువాత చిట్టా తీసి, ఇంకెవరి గడువు దాటినదో చూచుకొందము.